ఇచ్చినవాడి పేరు

తలుపు ఒక్కటే. దానికి దేవుళ్ళు మాత్రం ముగ్గురు. రెక్కలకి ఫోర్కులస్, బందులకి కార్డియా, గడపకి లిమెంటినస్. ఇది పాత రోమన్ల లెక్క. ఐదో శతాబ్దం మొదట్లో అగస్టీన్ ‘దేవుని నగరం’ అనే పెద్ద గ్రంథం రాస్తూ, నాలుగో భాగంలో ఈ లెక్క బయటికి తీసి ఆటపట్టిస్తాడు. ఇంటికి కాపలావాడు ఒక్కడుంటే చాలు, మామూలు మనిషే అయినా తలుపంతా వాడే చూసుకుంటాడు, అదే పనికి దేవుళ్ళు మాత్రం ముగ్గురు కావలసి వచ్చారే అని.

అక్కడితో ఊరుకోడు, గోధుమచేలోకి దిగుతాడు. విత్తనం మట్టిలో ఉన్నంతకాలం సేయా అనే దేవత చూసుకుంటుంది. మొలక పైకొచ్చాక సెగెటియా. కోసి గాదెలో పోశాక టుటిలినా. ఈ మధ్యలో కణుపులకి నోడుటస్, పొట్ట విచ్చుకునేటప్పుడు పటెలానా, పూతకి ఫ్లోరా, గింజ పాలుపోసుకునేటప్పుడు లాక్టుర్నస్. ఇంకా చాలామంది ఉన్నారు, నేను ఇక్కడ ఆపుతున్నాను. ఆయన నవ్వించడానికే రాశాడు, నేను నవ్వాను కూడా. నవ్వాక ఒక అనుమానం వచ్చింది. వరి చిరుపొట్ట మీదుంది, వెన్ను తీసింది, పాలుపోసుకుంది అని రోజుకో మాట చెప్పుకునే రైతుల మధ్య పెరిగినవాళ్ళకి ఈ జాబితా వెర్రిగా కనిపిస్తుందా? రోజూ చేలో నిలబడి చూసినవాడు తప్ప ఇంకెవడూ దీన్ని తయారు చెయ్యలేడు. ఇక గడపకి పసుపు రాసే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి లిమెంటినస్ మరీ అంత పరాయివాడేం కాదు.

ప్రతి నెలా ఏదో ఒక పాత పుస్తకం పట్టుకుని ఇక్కడికొస్తుంటాను కదా. ఈసారి పుస్తకం బదులు ఒక ప్రశ్న పట్టుకొచ్చాను. మనకి అందిన మంచి వస్తువు ఎవరిచ్చారో, ఆ ఇచ్చినవాడి పేరు మనం ఒప్పుకోకపోతే, ఆ వస్తువు మనం వాడుకోవచ్చా? మొదటి నాలుగు శతాబ్దాల క్రైస్తవులు ఈ ప్రశ్నతో చాలా తిప్పలు పడ్డారు. ఒక చిన్న సంగతి ముందే చెప్పాలి. వాళ్ళ ఎదుటి పక్షాన్ని ఇంగ్లీషు పుస్తకాలు పేగన్లు అంటాయి, అది లాటిన్లో పల్లెటూరివాడనే అర్థం నుంచి వచ్చిన మాట. మన తెలుగు బైబిలు అన్యజనులు అంటుంది. రెండూ నాకు రుచించవు. పాత దేవుళ్ళు, పాత దేవుళ్ళని కొలిచేవాళ్ళు అనే అంటాను.

కథ లుస్త్ర అనే ఊళ్ళో మొదలుపెట్టొచ్చు. ఇప్పటి టర్కీలో ఉండేది. పౌలు, బర్నబా అక్కడికి వెళ్ళి, పుట్టినప్పటినుంచీ నడవలేనివాడిని నడిపించారని అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో ఉంది. జనం ఆనందం పట్టలేక, దేవుళ్ళే మనుషుల రూపంలో దిగొచ్చారని కేకలు పెట్టారు. బర్నబాని జ్యూస్ అన్నారు, ఎక్కువ మాట్లాడేది పౌలు కాబట్టి అతన్ని హెర్మీస్ అన్నారు. తెలుగు బైబిలు అనువదించినవాళ్ళు ఇక్కడ ఒక చక్కటి పని చేశారు. జ్యూస్‌ని ‘ద్యుపతి’ అన్నారు. ఆకాశానికి అధిపతి. వేదాల్లోని ద్యౌస్, గ్రీకుల జ్యూస్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. మన అనువాదకులు గ్రీకు దేవుడిని సంస్కృతంలోకి పిలిచి కూర్చోబెట్టారన్నమాట.

పూజారి ఎద్దుల్నీ పూలదండల్నీ పట్టుకొచ్చేశాడు. ఇద్దరూ బట్టలు చించుకుని పరుగెత్తుకొచ్చి, మేమూ మీలాంటి మనుషులమే అని మొత్తుకున్నారు. అప్పుడు వాళ్ళు చెప్పిన వాదం చూడండి. లేఖనాల ప్రసక్తి లేదు, ప్రవక్తల పేర్లు లేవు. వాన గురించి మాట్లాడారు. మీకు వానలు కురిపించి, పంటల కాలాలు ఇచ్చి, కడుపు నింపి, మనసు సంతోషపెట్టినవాడొకడున్నాడు, మేము చెప్పేది ఆయన గురించే అన్నారు. వాళ్ళు పొందినది నిజమైన వరమేనని ఒప్పుకున్నారు, ఇచ్చినవాడి పేరు మాత్రం మార్చారు. ఇంత చెప్పినా ఆ జనం బలి ఇవ్వకుండా ఆపడం కష్టమైందట.

వాన సంగతి తేలిక. పంట సంగతీ అంతే. గోధుమ డిమీటర్ ఇచ్చింది, ద్రాక్షసారా డయొనైసస్ ఇచ్చాడు అనేవాళ్ళతో, మీరు వస్తువునే దేవుణ్ణి చేశారండీ అని వాదించొచ్చు. నిజానికి ఆ మాట క్రైస్తవుల కంటే ముందే, సోక్రటీస్ కాలంలోనే, ప్రొడికస్ అనే గ్రీకాయన అన్నాడు. కొందరు దేవుళ్ళు ఒకప్పటి రాజులే, వాళ్ళు చేసిన మేలుకి జనం దేవుళ్ళని చేశారు అని యూహెమెరస్ అన్నాడు. క్రైస్తవ రచయితలు ఈ రెండు ఆయుధాల్నీ పాత దేవుళ్ళ గూటిలోంచే తీసుకుని ధారాళంగా వాడారు.

చిక్కంతా చదువు దగ్గర వచ్చింది. అక్షరాలు హెర్మీస్ ఇచ్చాడు, వైద్యం అస్క్లేపియస్ ఇచ్చాడు, నేత, ఓడల పని, తెలివితేటలు అథీనా ఇచ్చింది అని లోకం నమ్మేది. గ్రీకు బళ్ళో పిల్లవాడు అక్షరాలు దిద్దేది దేవుళ్ళ పేర్లతో, పద్యం వల్లించేది హోమర్‌తో. క్రైస్తవుల్లో చదువుకున్నవాళ్ళందరూ ఆ బళ్ళోంచి వచ్చినవాళ్ళే. హోమర్‌ని ఖండించాలన్నా హోమర్ దగ్గర నేర్చుకున్న వ్యాకరణంతోనే ఖండించాలి.

రెండో శతాబ్దంలో జస్టిన్ అని ఒకాయన ఉండేవాడు. ఇప్పటి పాలస్తీనాలోని నాబ్లస్ ఊరివాడు. జ్ఞానం కావాలని గురువుల చుట్టూ తిరిగాడు. స్టోయిక్ గురువు దేవుడి గురించి చెప్పలేదు. అరిస్టాటిల్ సంప్రదాయం గురువు ముందు ఫీజు సంగతి తేల్చమన్నాడు. పైథాగరస్ సంప్రదాయంవాడు సంగీతం, ఖగోళం, జ్యామితి పూర్తిచేసి రమ్మన్నాడు. ఎమ్మెస్‌లో చేరినవాళ్ళకి ఈ ప్రీ-రిక్విజిట్ల బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్లేటో మార్గంలో కొంతకాలం ఉండి, చివరికి సముద్రపు ఒడ్డున ఎదురైన ఒక ముసలాయన మాటలతో క్రైస్తవుడయ్యాడు. అయ్యాక కూడా తత్త్వవేత్తలు వేసుకునే పైబట్ట తియ్యలేదు. దాంతోనే రోములో పాఠాలు చెప్పాడు, దాదాపు 165లో అక్కడే మరణశిక్ష పడింది.

జస్టిన్ సిద్ధాంతం ఇది. దైవవాక్కు విత్తనంలా మనుషులందరిలోనూ ఉంది. సోక్రటీస్‌లో, హెరాక్లిటస్‌లో అది మొలిచింది కాబట్టి వాళ్ళు క్రీస్తుకి ముందు పుట్టిన క్రైస్తవులే. ఎవరు ఎక్కడ సరైన మాట చెప్పినా అది మాదే. పాత దేవుళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ ఔదార్యం ఉండదు. వాళ్ళు దయ్యాలు, ప్రవక్తల మాటలు చాటుగా విని ముందుగానే నకళ్ళు తయారు చేశాయి, ద్రాక్షతీగ డయొనైసస్ కథ అలా పుట్టిందే అంటాడు. తత్త్వవేత్తలకి విత్తనం, పూజారులకి దయ్యం. సోక్రటీస్ చనిపోతూ అస్క్లేపియస్‌కి ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం, తీర్చమని చెప్పాడని ప్లేటో రాశాడు. ఆ కోడిపుంజుని జస్టిన్ ఏ ఖాతాలో వేస్తాడో నాకు అంతుపట్టదు.

నాకు ఇష్టమైనవాడు క్లెమెంట్. రెండో శతాబ్దం చివర అలెగ్జాండ్రియాలో పాఠాలు చెప్పాడు. అలెగ్జాండ్రియా అంటే ఓడలూ, పుస్తకాలూ, అన్ని దేశాల మనుషులూ. ఆయన పెద్ద పుస్తకం పేరు ‘స్ట్రోమటైస్’, అంటే రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన బొంతలాంటిది. పుస్తకం కూడా అలాగే ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి పోతాడో తెలీదు. జ్ఞానం గ్రీకులకంటే ముందే ఎక్కడెక్కడ ఉందో చెబుతూ ఈజిప్టు, కల్దీయ, పర్షియా దాటి మన దేశం దాకా వస్తాడు. బ్రాహ్మణుల్నీ శ్రమణుల్నీ తలుస్తాడు. బుద్ధుడి పేరు కూడా చెబుతాడు, అతని పవిత్రత చూసి భారతీయుల్లో కొందరు దేవుడిగా కొలుస్తున్నారని. గ్రీకు భాషలో బుద్ధుడి పేరు కనిపించే అతి పాత చోట్లలో ఇదొకటి.

ఆయన సంఘంలో చాలామందికి గ్రీకు తత్త్వం అంటే భయం. పిల్లలు మాస్కులు చూసి జడుసుకున్నట్టు జడుసుకుంటున్నారని క్లెమెంట్ విసుక్కుంటాడు. వాళ్ళ వాదన మరీ తేలిగ్గా కొట్టిపారేసేదేం కాదు. నాకు ముందు వచ్చినవాళ్ళందరూ దొంగలు అని యోహాను సువార్తలో క్రీస్తు మాట ఒకటి ఉంది. మరి గ్రీకు తత్త్వం దొంగసొత్తే కదా అన్నారు వాళ్ళు. క్లెమెంట్ జవాబు భలే ఉంటుంది. సరే, దొంగసొత్తే అనుకుందాం. ప్రొమీథియస్ నిప్పు దొంగిలించి తెచ్చాడన్నారు, తెచ్చింది నిప్పే కదా? అందులో చిన్న రవ్వ ఉన్నా ఊదితే మండుతుంది. దొంగ తెచ్చినంత మాత్రాన వస్తువు చెడిపోదు. పైగా దైవసంకల్పం తెలివిగలది, దొంగతనాన్ని కూడా మేలు వైపు తిప్పగలదు.

ఇంకొకచోట దొంగ ప్రసక్తే లేకుండా మాట్లాడతాడు. యూదులకి ధర్మశాస్త్రం ఎలాంటిదో గ్రీకులకి తత్త్వం అలాంటిది, పిల్లవాడిని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళే మనిషి లాంటిది అంటాడు. ఇక్కడే లుస్త్ర వాన మళ్ళీ కురుస్తుంది. గ్రీకుల చదువు పైనుంచే వచ్చింది, కానీ ఫలానా చోటే పడాలని గురి చూసి రాలేదు, వాన వచ్చినట్టు వచ్చింది. వాన మంచి నేల మీదా పడుతుంది, పెంటకుప్ప మీదా పడుతుంది, ఇళ్ళ కప్పుల మీదా పడుతుంది. గోధుమా మొలుస్తుంది, గడ్డీ మొలుస్తుంది, సమాధుల పగుళ్ళలో అంజూరమూ మొలుస్తుంది. ఆ సమాధుల అంజూరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను నేను. వానకి పట్టాదారు పాసుపుస్తకం లేదని జస్టిన్ కంటే క్లెమెంట్‌కి బాగా తెలుసు.

అదే కాలంలో, సముద్రానికి ఈవలి ఒడ్డున, కార్తేజ్‌లో టెర్టూలియన్. కోర్టులో వాదించినట్టు రాస్తాడు, చదువుతుంటే మనం బోనులో నిలబడ్డట్టుంటుంది. ఏథెన్స్‌కీ జెరూసలేంకీ ఏం సంబంధం అన్న ప్రసిద్ధమైన ప్రశ్న ఆయనదే. అందుకని ఆయన్ని చదువుకి శత్రువని అనేస్తారు. అసలు సంగతి ఇంకాస్త ముడిపడి ఉంది.

విగ్రహారాధన మీద ఆయన రాసిన చిన్న పుస్తకంలో ఏ ఉద్యోగాలు చెయ్యొచ్చు, ఏవి చెయ్యకూడదు అని లెక్క కడతాడు. అందులో బడిపంతులు ఉద్యోగం వస్తుంది. క్రైస్తవుడు హోమర్, వర్జిల్ పాఠాలు చెప్పొచ్చా? చెప్పకూడదు. పాఠం చెప్పడమంటే ఆ దేవుళ్ళ కథల్ని మెచ్చి అప్పగించడమే. పంతులు జీతం కూడా దేవతల పండగలతో ముడిపడి ఉంటుంది. మరి క్రైస్తవుల పిల్లలు ఆ బళ్ళో చదువుకోవచ్చా? చదువుకోవచ్చు, ఎందుకంటే వేరే గతి లేదు, చదువు లేకపోతే లేఖనాలు కూడా చదవలేరు. నేర్చుకోవచ్చు, నేర్పకూడదు. ఈ గీత గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకో పుస్తకం పూలకిరీటం గురించి. చక్రవర్తి సైనికులకి డబ్బు కానుక పంచుతున్నాడు, అందరూ తలకి కిరీటం పెట్టుకుని వరసలో నిలబడ్డారు, ఒక క్రైస్తవ సైనికుడు మాత్రం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జైల్లో వేశారు. తోటి క్రైస్తవులే, ఇంత చిన్న విషయానికి ఈ గొడవేమిటి అని విసుక్కున్నారు. టెర్టూలియన్ ఆ సైనికుడి తరఫున వాదిస్తాడు. కిరీటాల మూలమంతా పాత దేవుళ్ళతోనే ఉంది అంటాడు. వెంటనే ఎదుటివాడి ప్రశ్న తనే వేసుకుంటాడు. అలా మూలం వెతికితే వాడుకోవడానికి మనకేం మిగులుతుంది? జవాబు ఇది. అక్షరాలు మెర్క్యురీయే కనిపెట్టాడనుకుందాం, వ్యాపారానికీ దైవభక్తికీ రెండింటికీ అవసరమే. వీణకి తీగ కట్టింది వాడే అయితే కానీ, దావీదు దాన్ని మీటాడు. వైద్యం అస్క్లేపియస్‌దే అనుకుందాం, యెషయా హిజ్కియా రాజుకి మందు చెప్పాడు, పౌలు తిమోతి కడుపుకి కాస్త ద్రాక్షారసం చెప్పాడు. మొదటి ఓడ మినర్వా కట్టిందేమో, యోనా ఎక్కిందీ అపొస్తలులు ఎక్కిందీ ఓడే.

ఏథెన్స్‌తో మాకేం పని అన్నవాడే ఇలా ఒప్పుకుంటాడు. బతకడానికి నిజంగా పనికొచ్చేది ఎవడు కనిపెట్టినా దేవుడిదే, దానిమీద దేవుళ్ళ సంతకం చెల్లదు. కిరీటం తలనొప్పికి కూడా పనికిరాదు కాబట్టి దానికి ఈ మినహాయింపు లేదు. మరి పద్యం? పద్యం ఏ ఖాతాలోది, అవసరమా, అలంకారమా?

లాక్టాన్షియస్ గురించి రెండు మాటలే. 303లో క్రైస్తవుల మీద దాడులు మొదలైనప్పుడు నికొమీడియాలో లాటిన్ వాక్పటిమ నేర్పే ఉపాధ్యాయుడు. పాత లోకంలో జ్ఞానం ఒకచోట, ఆరాధన ఒకచోట విడిపోయాయి అంటాడు. తత్త్వవేత్తలకి జ్ఞానం ఉంది, ఆరాధన లేదు. గుళ్ళలో ఆరాధన ఉంది, జ్ఞానం లేదు. రెండూ ఒకే ఊటలోంచి పారాలి. మంచి మాటే, కానీ దీన్ని నిరూపించడానికి ఏడు భాగాలు రాశాడు, ఒకటి రెండు సరిపోయేవి.

అగస్టీన్ దగ్గర ఇది స్థిరపడింది. హెబ్రీయులు ఈజిప్టు వదిలి వస్తూ ఈజిప్టువాళ్ళ వెండి బంగారాలు తెచ్చుకున్నారని నిర్గమకాండంలో ఉంది. అలాగే పాత దేవుళ్ళవాళ్ళ చదువులోని బంగారాన్ని మనం తెచ్చుకోవాలి, ఎందుకంటే దాని అసలు యజమాని దేవుడే, వాళ్ళు దాన్ని అన్యాయంగా పట్టుక్కూర్చున్నారు అంటాడు. అక్షరాలు మెర్క్యురీవి అన్నారని అక్షరాలు మానేస్తామా అని టెర్టూలియన్ మాటనే మళ్ళీ అంటాడు. మా వృత్తిలో దీన్ని ఎలా చూస్తామో చెప్తాను. ఓపెన్ సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చాలా లైసెన్సుల్లో ఒకటే షరతు, రాసినవాడి పేరున్న ఫైలు తీసెయ్యకూడదు. అగస్టీన్ పేరు తీసేసి, అసలు ఇది మా నాన్నగారు రాసిందే అంటున్నాడు. ఇరేనియస్ అనే ఇంకో పాత బిషప్పు ఆ ఈజిప్టు బంగారాన్ని కాస్త న్యాయంగా సమర్థించాడు. అన్నేళ్ళు జీతం లేకుండా చేసిన చాకిరీకి అది బకాయి అని. బాగుంది. మరి గ్రీకులు క్రైస్తవులకి ఏం బాకీ పడ్డారు?

ఈ లైసెన్సు ప్రశ్నని కుండబద్దలు కొట్టినట్టు అడిగినవాడు అగస్టీన్ కంటే ఒక తరం ముందే ఉన్నాడు. జూలియన్ చక్రవర్తి. కాన్‌స్టాంటైన్ తమ్ముడి కొడుకు. 337లో పెద్దాయన పోగానే తండ్రితో సహా బంధువుల్ని సైనికులు చంపేశారు, పసివాడని వదిలారు. క్రైస్తవుడిగానే పెంచారు. మార్డోనియస్ అనే ముసలి గురువు హోమర్ చదివించాడు. ఆ పిల్లవాడికి లోకంలో దొరికిన ఒకే ఒక్క సొంత ఇల్లు హోమరేమో అనిపిస్తుంది నాకు. పెద్దయ్యాక చాటుగా పాత దేవుళ్ళ వైపు తిరిగాడు. 361లో చక్రవర్తి అయ్యాక బాహాటంగా.

362 జూన్ 17న ఒక శాసనం చేశాడు. ఉపాధ్యాయులకి ముందు నడవడిక, తర్వాత వాక్పటిమ ఉండాలి అని. పైకి అంతే. దాని ఉద్దేశం విడిగా రాసిన ఉత్తరంలో ఉంది. మనసులో ఒకటి పెట్టుకుని పిల్లలకి ఇంకొకటి చెప్పేవాడు నిజాయితీ లేనివాడు అంటాడు. హోమర్, హెసియడ్, హెరొడోటస్, థుసిడిడిస్, డెమొస్తనీస్, వీళ్ళందరికీ చదువిచ్చింది దేవుళ్ళే. కొందరు హెర్మీస్‌కి, కొందరు మ్యూజ్ దేవతలకి అంకితమైనవాళ్ళు. వాళ్ళ పుస్తకాలు చెప్పి పొట్ట పోసుకుంటూ, వాళ్ళు కొలిచిన దేవుళ్ళని తిట్టడమేమిటి? నమ్మితే చెప్పండి, నమ్మకపోతే మీ చర్చీలకి పోయి మత్తయి, లూకా పాఠాలు చెప్పుకోండి. పిల్లలు మాత్రం ఏ బడికైనా రావచ్చు.

నేర్చుకోవచ్చు, నేర్పకూడదు. సరిగ్గా టెర్టూలియన్ గీసిన గీతే. దాదాపు 150 ఏళ్ళ తేడాతో, రెండు వ్యతిరేక పక్షాల్లోని ఇద్దరు పట్టుదలగలవాళ్ళు ఒకే చోటికి చేరారు. ఇద్దరి లెక్కలోనూ పాఠం చెప్పడం ఆరాధనతో సమానం. జూలియన్ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం రాలేదు, ఇబ్బంది కలిగింది. ఎందుకంటే అందులో నిజాయితీ గురించి చెప్పిన మాట గట్టిది. అధికారం చేతిలో ఉన్నవాడు దాన్ని శాసనంగా మార్చడమే దుర్మార్గం. ఆయన సైన్యంలో పనిచేసి, ఆయన్ని మెచ్చుకుంటూ చరిత్ర రాసిన అమ్మియానస్ కూడా, పాత దేవుళ్ళ మనిషై ఉండీ, ఈ శాసనం శాశ్వతంగా మరుగున పడాల్సినంత కఠినమైనదని రాశాడు.

ఉద్యోగాలు పోయాయి. రోములో పేరున్న విక్టోరినస్ పాఠశాల వదిలేశాడు. ఏథెన్స్‌లో ప్రొహేరీసియస్ మానేశాడు, నీకు మినహాయింపు ఇస్తానన్నా వద్దన్నాడని జెరోమ్ రాశాడు. అందరికంటే మండిపడ్డవాడు నజియాంజస్ గ్రెగరీ. ఏథెన్స్‌లో జూలియన్ చదువుకునే రోజుల్లోనే అక్కడ చదువుకున్నాడు. ఆస్తీ, హోదా, ఇంకేదైనా వదులుకుంటాను, మాటని మాత్రం వదులుకోను అన్నాడు. గ్రీకు మాట్లాడటం నీ సొంతమా అని చక్రవర్తిని నిలదీశాడు. అలా అయితే నీ అక్షరాలు ఫినీషియావాళ్ళవి, నీ నేతా, వ్యవసాయం, ఓడలూ ఇంకెవరెవరివో, నీ బలి పద్ధతులు కూడా ఎవరిదగ్గరో నేర్చుకున్నవే, కనిపెట్టినవాళ్ళు వచ్చి తిరిగి అడిగితే నీ ఒంటిమీద ఏం మిగులుతుంది? టెర్టూలియన్ దేవుళ్ళ పేర్లతో వేసిన జాబితానే గ్రెగరీ దేశాల పేర్లతో వేశాడు. అతని స్నేహితుడు బాసిల్ గ్రీకు సాహిత్యం ఎలా చదవాలో కుర్రాళ్ళకి చెబుతూ తేనెటీగలా చదవమన్నాడు. అన్ని పూల మీదా వాలదు, వాలిన పువ్వుని మొత్తం మోసుకుపోవాలనీ చూడదు.

ఈ గొడవ మనకి కొత్తదేం కాదు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా పద్యం పట్టుకున్నప్పుడు, ఇది నీది కాదు అన్న మాట కులం పేరుతో ఒకవైపు నుంచీ, పురాణాలు నీకెందుకని ఇంకోవైపు నుంచీ విన్నాడు. ఆయన శ్మశానం పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో ఊరూరా మోగాయి. అదే చేత్తో ‘క్రీస్తు చరిత్ర’ పద్యాల్లోనే రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గ్రెగరీ చక్రవర్తిని అడిగిన ప్రశ్న జాషువా తన పద్యాలతో అడిగాడని నాకనిపిస్తుంది, బహుశా అంతకంటే ఎక్కువ మూల్యం చెల్లించి.

జూలియన్ శాసనానికి ఇంకో జవాబూ ఉంది, అది నాకు మరీ ఇష్టం. సిరియా తీరంలోని లావొడిసియాలో అపొల్లినారిస్ పేరున్న తండ్రీకొడుకులుండేవారు. ఇద్దరూ సాహిత్యం చెప్పినవాళ్ళు. హోమర్ చెప్పొద్దంటే సరే, మనమే ఒక హోమర్‌ని తయారు చేద్దాం అని కూర్చున్నారు. పాత నిబంధన కథల్ని హోమర్ ఛందస్సులోకి మార్చారు, నాటకాలుగా రాశారు, సువార్తల్ని ప్లేటో సంభాషణల్లాగా రాశారు. ఎంత పని! మరుసటి ఏడే, 363 జూన్‌లో, జూలియన్ పర్షియా యుద్ధంలో చనిపోయాడు. ఆంక్ష పోయింది. పంతుళ్ళు వెంటనే పాత హోమర్‌నే తెరిచారు. తర్వాతి శతాబ్దంలో సోక్రటీస్ అనే చర్చి చరిత్రకారుడు, ఆ తండ్రీకొడుకుల పుస్తకాలు అసలు రాయనట్టే అయ్యాయని రాశాడు. దాంట్లో వెటకారమేమీ లేదు. తప్పని ఎవరికి వ్యతిరేకంగా పోరాడాలన్నా వాళ్ళ ఆయుధాలు మనకి వచ్చి ఉండాలి అని గ్రీకు చదువుని సమర్థిస్తూ చెప్పిన మాట అది.

ఇక్కడ ఆపేస్తే కథ హాయిగా ముగిసినట్టుంటుంది. కానీ గెలిచినవాళ్ళు క్లెమెంట్ వాన మాట గుర్తుంచుకోలేదు. ఆయన పాఠాలు చెప్పిన అలెగ్జాండ్రియాలోనే నాలుగో శతాబ్దం చివర సెరాపిస్ గుడిని కూల్చారు. 415లో హైపేషియా అనే గణితవేత్తని గుంపు చంపేసింది. 529 ప్రాంతంలో జస్టీనియన్ చక్రవర్తి, పాత దేవుళ్ళని కొలిచేవాళ్ళు పాఠాలు చెప్పకూడదని చట్టం చేశాడు. జూలియన్ శాసనాన్నే తిరగేసి రాసినట్టుంటుంది. ఏథెన్స్‌లో తత్త్వపాఠాలు ఆగిపోయాయి.

ఏడుగురు తత్త్వవేత్తలు పర్షియా రాజు ఖుస్రో ఆస్థానానికి వెళ్ళిపోయారు. అక్కడా మనసు కుదరలేదు. 532లో రెండు రాజ్యాల మధ్య సంధి కుదిరినప్పుడు, వీళ్ళని వెనక్కి రానివ్వాలి, వాళ్ళ నమ్మకంతో వాళ్ళని బతకనివ్వాలి అనే షరతు ఖుస్రో పెట్టించాడని అగాథియస్ రాశాడు. ఆ ఏడుగురిలో సింప్లీషియస్ ఒకడు. పాఠం చెప్పడానికి బడి లేదు, కాబట్టి అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానాలు రాస్తూ కూర్చున్నాడు. అప్పటికి వెయ్యేళ్ళ నాటి పార్మెనిడిస్ కావ్యం ప్రతులు అరుదైపోయాయని, అందుకని కాస్త ఎక్కువ పంక్తులే ఎత్తి రాస్తున్నానని ఒకచోట చెప్పాడు. మనకి ఇవాళ ఆ కావ్యంలో మిగిలినదాంట్లో చాలా భాగం అలా దక్కిందే. సింప్లీషియస్ వ్యాఖ్యానాన్ని మళ్ళీ మళ్ళీ రాసి భద్రపరిచింది బైజాంటియంలోని క్రైస్తవ లేఖకులు. ఆ కావ్యంలో పార్మెనిడిస్‌కి జ్ఞానం చెప్పేది ఒక దేవత. మిగిలిన ముక్కల్లో ఎక్కడా ఆమె పేరు లేదు.